కూలి బిడ్డల చదువు - బాకీ ఎవరిది?

నర్మెట్ట మండలంలోని వాడలకు, తండాలకు పోతే ఇవాళ డిగ్రీ, నర్సింగు, ఇంజనీరింగు చదివే పిల్లలు కనబడుతున్నారు. వాళ్ల తాతల్లో చాలామంది దొరల ఇండ్లల్లో జీతగాళ్లు, వెట్టివాళ్లు. రెండు తరాల్లో ఇంత మార్పు వచ్చింది. ఇది ఒకరి దయ వల్ల వచ్చింది కాదు.

ఇదే జనగామ ప్రాంతంలో, విసునూరు దేశముఖు గడీ ఏలుబడిలో, పాలకుర్తి చాకలి ఐలమ్మ తన చేను కోసం నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వెట్టి ఆ పోరాటంతో కూలింది. దొర ఇంట్లో పశువుల కాడ ఉండాల్సిన పిల్లవానికి బడికి పోయే వీలు అప్పుడు దొరికింది. 1944లో అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న కాలంలో మొదలైన ఉపకార వేతనాలు, 1971లో సర్వేలులో ప్రారంభమైన గురుకులం, 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1980లలో వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకులాలు, 2008లో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంటు - ఇవన్నీ ఒక్కొక్క మెట్టు.

మెట్టు ఉంటే మన పిల్లలు ఎంత ఎత్తుకు పోతారో 2014 మే 25న లోకం చూసింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ పదమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆమె ధైర్యం ఆమెదే. అయితే ఆమెకు తిండి, శిక్షణ, ఖర్చు ఇచ్చి నిలబెట్టింది గురుకుల సంస్థ. పత్రికల వాళ్లు ధైర్యం గురించే రాస్తారు, వెనక ఉన్న సంస్థను మరుస్తారు. 'కష్టపడితే ఎవరైనా పైకొస్తారు' అని ఉపన్యాసాలిచ్చేవాళ్లను మేము ఒకటే అడుగుతున్నాం: ఎండలో పత్తి ఏరే తల్లి కంటే ఎక్కువ కష్టపడేది ఎవరు? ఆమె ఎందుకు పైకి రాలేదు?

ఇప్పుడు ఆ మెట్లే విరుగుతున్నాయి. ఫీజు ప్రభుత్వం కట్టాలి. ప్రభుత్వం కట్టదు. కాలేజీ సర్టిఫికెట్లు పట్టుకుంటుంది. బాకీ సర్కారుది, జప్తు కూలోని బిడ్డకు! ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా ఉద్యోగం వచ్చిన పిల్ల కాయితాల కోసం, తండ్రి మిత్తికి అప్పు తెస్తున్నాడు. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు తలుపులే మూసుకున్నాయి. యజమానులూ సర్కారూ మాట్లాడుకున్నారు. పిల్లల మాట ఎవరు మాట్లాడారు?

బీసీ పిల్లవాని ర్యాంకు పదివేలు దాటితే సర్కారు ఇచ్చేది 35,000 రూపాయలే; మిగతాది ఇంటివాళ్లు కట్టుకోవాలె. 2018లో తెచ్చిన ప్రైవేటు యూనివర్సిటీల చట్టంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ల ఊసే లేదు. హాస్టల్ పిల్లల తిండి ఖర్చు చూడండి. ఏండ్ల తరబడి కదలకుండా ఉండి 2024 నవంబరు నుంచి పెరిగింది. పెరిగిన తర్వాత కూడా మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 1,330 రూపాయలు. అంటే మూడు పూటలకూ కలిపి రోజుకు 44 రూపాయలు!

డబ్బు కొంచెమే కావచ్చు, గడువు దాటితే బతుకే దాటిపోతుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒక దళిత రోజుకూలీ కొడుకుకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. 17,500 రూపాయలు వేళకు కట్టలేక సీటు పోయింది. 2024 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటేనే తిరిగి దక్కింది. ప్రతి తండా పిల్లవాడూ ఢిల్లీ దాకా పోగలడా?

ఇక కార్యకర్తలకు ఒక మాట. 'చదువుకున్నోడు ఊరిడిసి పోతాడు, వాని గోల మనకెందుకు?' అని కొందరంటారు. ఈ మాట తప్పు. కూలి గిట్టని ఇంట్లోనే పత్తి కాలంలో పిల్లను బడి మానిపిస్తారు. కనుక కూలి రేటు పోరాటమూ చదువు పోరాటమూ ఒకటే. మనం వదిలేస్తే ఆ పిల్లలను కార్పొరేటు కాలేజీ ఏజెంట్లు పట్టుకుంటారు.

ప్రతి ఊర్లో సంఘం చేయాల్సిన పనులున్నాయి. పదో తరగతి పిల్లల జాబితా రాయాలె. కులం, ఆదాయం సర్టిఫికెట్లు అడ్మిషన్ల కంటే ముందే మీసేవలో తీయించాలె. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష గురించి, పదో తరగతి మార్కులతోనే సీటిచ్చే బాసర ట్రిపుల్ ఐటీ గురించి తల్లిదండ్రులకు చెప్పాలె. సర్టిఫికెట్లు ఆపిన చోటికి తండ్రిని ఒంటరిగా పంపొద్దు, పదిమంది కలిసి పోవాలె.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి నాలుగు: బకాయిలు వెంటనే చెల్లించాలి. ఏ ఏడు ఫీజు ఆ ఏడే ఇవ్వాలి. సర్టిఫికెట్లు ఆపే కాలేజీలపై చర్య తీసుకోవాలి. ప్రైవేటు యూనివర్సిటీల్లో రిజర్వేషన్లు అమలు చేయాలి.

ఒక్క బిడ్డ గట్టెక్కితే ఇల్లు సంతోషిస్తుంది, మేమూ సంతోషిస్తాం. కాని వాడ వాడంతా గట్టెక్కే దారి కావాలి. ఆ దారి అడుక్కుంటే రాదు, కొట్లాడితేనే వస్తుంది.