పిల్లలకు ‘నక్కో’ అనడం నేర్పుదాం

జూన్‌లో బడులు తెరిచే రోజు వచ్చిందంటే మన ఇళ్లలో అమ్మీలందరూ పిల్లలకి ఒకే సబక్ చెబుతారు. ‘అజ్నబీ ఎవరైనా పిలిస్తే పోవద్దు బేటా. చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దు. బచ్చాచోర్లు గోనెసంచిలో వేసుకుపోతారు.’ మా నానీ మా అమ్మీకి చెప్పిందీ ఇదే, అమ్మీ నాకు చెప్పిందీ ఇదే. తప్పు సబక్ అని నేననను. కాకపోతే అది సగమే. మిగతా సగం చెప్పాలంటే మనకి షర్మ్ అడ్డొస్తుంది.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక నివేదిక ఇచ్చింది. 13 రాష్ట్రాల్లో 12 వేల మందికి పైగా పిల్లల్ని అడిగి రాసిన నివేదిక అది, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు తమకి ఎదురైందని 53 శాతం పిల్లలు చెప్పారు. వాళ్లలో అబ్బాయిల సంఖ్య అమ్మాయిల కన్నా కాస్త ఎక్కువే. ‘మాకు మగపిల్లలే, మాకేం ఫికర్’ అనుకునే ఇళ్లవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి. వేధించినవాళ్లలో సగం మంది బిడ్డకి తెలిసినవాళ్లు, లేదా మనం భరోసాతో బిడ్డని అప్పగించినవాళ్లు. ఎక్కువ మంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

అంటే గోనెసంచి వాడి కోసం మనం వీధి తలుపుకి గడియ పెడుతున్నాం. దస్తర్‌ఖాన్ మీద మన పక్కనే కూర్చుని బిర్యానీ తినేవాడి సంగతి మాత్రం బిడ్డకి చెప్పడం లేదు.

అజ్నబీ భయాన్ని హద్దు లేకుండా పెంచితే ఏమవుతుందో హైదరాబాద్ పాతబస్తీ ఒకసారి చూసింది. 2018 మే నెల, రంజాన్ రోజులు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో అఫ్వాలు పాకాయి. చాంద్రాయణగుట్టలో రాత్రిపూట జనం పోగై, అడుక్కోవడానికి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్ని పట్టుకుని కొట్టారు. ఒకరి ప్రాణం పోయింది. రోజా ఉన్న నెలలో, మన మహల్లాలో. పిల్లల హిఫాజత్ పేరుతో జరిగిన ఆ జుల్మ్ వల్ల ఒక్క బిడ్డకైనా మేలు జరిగిందా?

ఇంకో మాట. తప్పిపోయిన బిడ్డకి సాయం చేయగలిగేది అజ్నబీయే కదా! నుమాయిష్ జనంలోనో, రంజాన్ ఆఖరి రాత్రుల్లో చార్మినార్ దగ్గరో, నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగలోనో చెయ్యి జారిపోయిన పిల్లవాడికి ‘కొత్తవాళ్లతో మాట్లాడొద్దు’ అన్న హుకుం ఒక్కటే గుర్తుంటే, వాడు ఏడుస్తూ మూలన నిలబడిపోతాడు. మా పిల్లలకి నేను చెప్పింది వేరు. ‘నిన్ను వెతుక్కుంటూ వచ్చి పలకరించే అజ్నబీ వేరు, నువ్వు ఎంచుకుని అడిగే అజ్నబీ వేరు. పిల్లల్ని వెంటబెట్టుకున్న ఆడమనిషిని అడుగు. దుకాణంలో గల్లా దగ్గర కూర్చున్నవాళ్లని అడుగు. పోలీసుని అడుగు. ఎవరు రమ్మన్నా ఆ జాగా వదిలి పోవద్దు.’ అబ్బా నంబరు, అమ్మీ నంబరు కంఠతా ఉండాలి. సూరాలు హిఫ్జ్ చేసే పిల్లలకి పది అంకెలు ఓ లెక్కా!

ఇక అసలు సంగతి, అదబ్. మన తహజీబ్‌లో పెద్దల మాట కాదనకపోవడమే మంచి తర్బియత్. దావత్‌కి పోతాం. దూరపు మామూ ఒకాయన ‘ఇట్రా, ఒక ముద్దియ్యి’ అని పిల్లని ఒళ్లోకి లాగుతాడు. పిల్ల ‘నక్కో’ అని వెనక్కి జరుగుతుంది. చుట్టూ ఉన్న ఖాలాలు, ఫుప్పూలు నవ్వుతారు, ‘ఎంత బద్తమీజ్ పిల్ల!’ అంటారు. అమ్మీ ముఖం చిన్నబోతుంది, తనే పిల్లని ముందుకి తోస్తుంది. ఆ మామూ నిజంగా మంచివాడే కావచ్చు. కానీ బిడ్డకి ఆ క్షణంలో ఒక సబక్ అందింది: నా ఒంటి మీద నా మాట చెల్లదు, పెద్దవాళ్లు నవ్వుతుంటే నేను ఊరుకోవాలి. రేపు మంచివాడు కాని మనిషి ఎదురైనప్పుడు ఆ బిడ్డకి గుర్తొచ్చేది ఈ సబకే.

మా ఇంట్లో నేను పెట్టిన కాయిదా చిన్నది. సలాం చెప్పడం ఫర్జ్ లెక్క. ముద్దు, కౌగిలి, ఒళ్లో కూర్చోవడం పిల్లల మర్జీ. మొదట్లో మా అత్తగారు అలిగారు. ఇప్పుడు చుట్టాలతో ఆవిడే అంటారు, ‘దానికి ఇష్టం లేదమ్మా, వదిలెయ్.’

దీన్‌లో ఇలాంటివి లేవంటారు కొందరు. బుఖారీలో ఒక రివాయత్ ఉంది. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం దగ్గరికి తాగడానికి ఏదో తెచ్చారు. కుడివైపు ఒక పిల్లవాడు, ఎడమవైపు పెద్దలు కూర్చుని ఉన్నారు. ముందు పెద్దలకి ఇవ్వనా అని ఆయన ఆ పిల్లవాడిని ఇజాజత్ అడిగారు. మీ నుంచి వచ్చే నా వాటా ఎవరికీ వదులుకోనన్నాడు వాడు. ఆయన గిన్నె వాడి చేతికే ఇచ్చారు. పెద్దల ముందు పిల్లవాడు కాదన్నాడు, ఆ కాదనడం చెల్లింది. సూరె నూర్‌లో మూడు వేళల్లో ఇంటి పిల్లలు సైతం ఇజాజత్ అడిగి గదిలోకి రావాలని ఉంది. పదేళ్లొచ్చాక పిల్లల పడకలు వేరు చేయమన్న హదీస్ మనకి తెలిసిందే. ఒంటికి ఒక పర్దా, గదికి ఒక తలుపు ఉంటాయని మనకి ఎప్పుడో చెప్పారు. మనమే దాన్ని నమాజ్, రోజాల సబక్‌లో కలపకుండా పక్కన పెట్టాం.

మరి ఏం చెప్పాలి? నాలుగేళ్ల బిడ్డకి ‘స్నానం చేయించేటప్పుడు అమ్మీ, ఒంట్లో బాగోనప్పుడు అమ్మీ ముందర డాక్టర్, అంతే. ఇంకెవరూ అక్కడ ముట్టుకోకూడదు, చూడకూడదు, వాళ్లది చూపించకూడదు’ అంటే అర్థమవుతుంది. అవయవాలకి పేర్లు చెప్పండి. పేరు లేనిదాని గురించి బిడ్డ ఫిర్యాదు చేయలేదు. ‘అమ్మీకి చెప్పొద్దు’ అని ఎవరన్నా సరే, ఆ మాటే ముందు అమ్మీకి చెప్పాలని నేర్పండి. ఫోన్‌లో గేమ్ ఆడుతూ భయ్యా అయిపోయినవాడికీ ఇదే కాయిదా.

బిడ్డ వచ్చి చెప్పిన రోజున మన ఇమాన్‌కి ఇంతిహాన్. ‘చుప్, బయట అనకు, ఖాందాన్ ఇజ్జత్ పోతుంది’ అన్న మాట చాలా ఇళ్లలో ముందొస్తుంది. ఇజ్జత్ పోవాల్సింది ఎవరిది? 2012 నవంబర్ 14 నుంచి పోక్సో చట్టం అమల్లో ఉంది. నేరం తెలిసీ పోలీసులకి చెప్పకపోతే అదే ఒక నేరం, ఆరు నెలల వరకు ఖైదు పడవచ్చు. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాడి సంగతి దాచితే ఏడాది వరకు. ఠాణా మెట్లెక్కాలని భయపడకండి. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, యూనిఫాం లేకుండా రావాలి, వీలైనంతవరకు మహిళా అధికారే రావాలి. పిల్లల పేరు, ఫోటో పత్రికల్లో రాకూడదు. 1098కి ఫోన్ చేస్తే చాలు. హైదరాబాద్‌లో అయితే 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది.

ఆఖరికి ఖురాన్ చదువు సంగతి. ఇంటికొచ్చే ఉస్తాద్‌ల మీద నాకు ఇహ్తెరామ్ ఉంది, నాకు అలిఫ్ బే నేర్పిందీ అలాంటి ఒక హజ్రతే. అయినా మా పిల్లలు వరండాలో కూర్చునే చదువుతారు, తలుపు మూయరు. ట్యూషన్ సారుకీ, వ్యాన్ డ్రైవర్‌కీ, సొంత చాచాకీ కూడా అంతే, ఒక్కడే పిల్లవాడు మూసిన గదిలో ఎవరితోనూ ఉండడు. మక్తబ్ గదికి చెక్క తలుపు తీసేసి గ్రిల్ పెట్టించమని మా మసీదు కమిటీకి అర్జీ రాశాను. ఖర్చు నేనే ఇస్తానన్నాను. జవాబు ఇంకా రాలేదు. మీ మహల్లాలో కూడా ఒకరు రాయండి.