చమురు పడ్డ పొలానికి పూచీ ఎవరిది?



2012 ఒలింపిక్స్‌కి ముందు కొన్నేళ్ళు నేను తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ మీదుగా రైల్లో ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. కిటికీలోంచి చూస్తే మట్టి గుట్టలే. ఫ్యాక్టరీలు దశాబ్దాలుగా వదిలిన పెట్రోలు, నూనె, తారు, సీసం, ఆర్సెనిక్ ఆ నేలలో ఇంకిపోయి ఉండేవి. ఆ మట్టిని తవ్వి, అక్కడే పెట్టిన రెండు 'మట్టి ఆసుపత్రుల'కి తోలారు. చాలావరకు యంత్రాల్లో కడిగారు. చమురు పట్టిన మట్టిలో కొంత బాక్టీరియాకి అప్పగించారు. ఇవాళ అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు.

ఇందులో మంత్రమేమీ లేదు. చమురు తిని బతికే బాక్టీరియా చాలా నేలల్లో సహజంగానే ఉంటుంది. గాలి, తేమ, నత్రజని, భాస్వరం సరిగ్గా అందిస్తే చమురుని చాలావరకు కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మార్చేస్తుంది. డీజిలు లాంటివి నెలల్లో తగ్గుతాయి. తారు లాంటి బరువైన వాటికి చాలాకాలం పడుతుంది. సీసం లాంటి లోహాల జోలికొస్తే వాటిని తిని అరిగించుకోవడం దానివల్ల కాదు.

ఇప్పుడు మన కోనసీమ సంగతి చూద్దాం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి బ్లోఅవుట్ అయ్యి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇవి గ్యాస్ ప్రమాదాలు, దేశమంతా చూసింది. అదే ఒక రైతు చేలో చమురు లీకైతే? జిల్లా పేజీలో చిన్న వార్త, అంతే!

మనకి విద్య లేక కాదు. టెరి సంస్థ 'ఆయిల్‌జాపర్' అనే బాక్టీరియా మిశ్రమాన్ని తయారుచేసింది. దాన్ని వాడడానికి ఓ.ఎన్.జి.సి., టెరి కలిసి 2007లో ఒక కంపెనీయే పెట్టాయి. అయితే నీళ్ళు నిలిచిన వరిమడిలో అడుగు మట్టికి గాలి ఆడదు. పైన పొడి చల్లి, ఫొటో దిగి వెళ్తే పని జరగదు. నీరు తీయాలి, మట్టి తిరగెయ్యాలి, మళ్ళీ మళ్ళీ పరీక్షించాలి. ఇదంతా చేయించేది చట్టం.

ఇంగ్లండులో 2000 ఏప్రిల్ నుంచి కలుషితమైన నేలల్ని వెతికే బాధ్యత స్థానిక కౌన్సిళ్ళది. పాడు చేసినవాడే ముందు ఖర్చు భరించాలి. ఇండియాలో అలాంటి నియమాలు 2025 జూలైలో వచ్చాయి. అనుమానమున్న స్థలాల జాబితాని జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి పంపాలి. శుభ్రం చేసే ఖర్చు కలుషితం చేసినవాళ్ళదే.

కాగితం మీద బాగానే ఉంది. కానీ జాబితాలో పేరెక్కని పొలానికి ఏ బాక్టీరియా వచ్చి సాయం చేస్తుంది?

అందుకే నేను అడిగేవి మూడే. జిల్లా జాబితా తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడమీద పెట్టాలి. మట్టి పరీక్ష కంపెనీతో సంబంధంలేని ల్యాబులో చేయించాలి. నేల కోలుకునే దాకా రైతుకి పంట నష్టం ఇవ్వాలి.

మనలో ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఆ జాబితా కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. లేనివాళ్ళు ఊళ్ళో అన్నయ్య చేతో, బాబాయి చేతో పెట్టించొచ్చు. సంక్రాంతికి వెళ్ళి కొబ్బరితోటల ఫొటోలు తీసుకొచ్చే మనం, ఆ తోటల కింద మట్టి గురించి ఒక్క ఉత్తరం రాయలేమా?