పాట బాకీ

పిల్లలూ, పక్కింటివారి చెట్టుపూలు కోసి మీరు చక్కని దండ కట్టారనుకోండి. కట్టిన నేర్పు మీదే. "ఈ పూలెక్కడివి?" అని ఎవరైనా అడిగితే ఏమంటారు? ఇంగ్లండులో పేరుమోసిన ఒక వాద్యబృందానికి ఈ ప్రశ్నే ఎదురయింది.

1968లో జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్, జాన్ పాల్ జోన్స్, జాన్ బోనమ్ అనే నలుగురు యువకులు లండనులో కలిసి "లెడ్ జెప్లిన్" బృందం ఏర్పరచారు. వారికి బ్లూస్ పాటలంటే ప్రాణం. బ్లూస్ అంటే, అమెరికా దక్షిణాదిన బానిసత్వం పోయినా కష్టాలు తీరని నల్లజాతివారు పాడుకున్న పాట. ఆ పాటకు వీరు విద్యుత్తు బలం చేర్చారు.

అదెలాగంటారా? ఎలక్ట్రిక్ గిటారులో ఉక్కుతీగల కింద అయస్కాంతం, దానిచుట్టూ సన్నని రాగితీగ ఉంటాయి. ఉక్కుతీగ అదిరితే రాగితీగలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరు దానిని ఎన్నో రెట్లు పెంచుతుంది. ఇంకేం, గుండెలోని బాధ ఉరుమై మోగింది! ఇలాంటి సంగీతాన్నే హార్డ్ రాక్ అన్నారు.

1969లో వచ్చిన వారి మొదటి రికార్డులో విల్లీ డిక్సన్ అనే అమెరికా నల్లజాతి కవి పాటలు రెండున్నాయి. వాటికి ఆయన పేరు వేశారు. అదే ఏడు రెండో రికార్డులో "హోల్ లాటా లవ్" అనే పాట వచ్చి లోకమంతా మారుమోగింది. అందులోని మాటలు కొన్ని, డిక్సన్ రాయగా 1962లో మడ్డీ వాటర్స్ పాడిన పాటలోవి. ఈసారి ఆయన పేరు లేదు! డిక్సన్ 1985లో దావా వేశాడు. 1987లో రాజీ కుదిరింది. ఆ తరువాత రచయితలలో ఆయన పేరూ చేరింది. పద్దెనిమిదేళ్ళ బాకీ అలా తీరింది.

1980లో బోనమ్ ముప్ఫైరెండో ఏట చనిపోయాడు. అతను లేని బృందం మాకొద్దని మిగిలినవారు విరమించుకున్నారు. 2007లో లండనులో ఒక్క కచేరీకి మళ్ళీ కలిసినప్పుడు, తండ్రి స్థానంలో కూర్చుని డ్రమ్ములు వాయించినది బోనమ్ కొడుకు జేసన్. ఎన్నో బృందాలు నేటికీ వారి బాటలో నడుస్తున్నాయి.

"అయితే వాళ్ళు గొప్పవాళ్ళు కారా, మాస్టారూ?" అంటారేమో. గొప్పవాళ్ళే! దండ అందమైనదే. కాని పూలిచ్చిన చెట్టు పేరు చెప్పినంత మాత్రాన దండ అందం తగ్గదు కదా!

నేనూ బడిలో ఎన్నో పాటలు నేర్పాను. కొన్నింటికి కవి పేరు చెప్పనేలేదు. ఆ తప్పు మీరు చేయకండి. ఈసారి పాట పాడేముందు, అది ఎవరు రాశారో అమ్మనో నాన్ననో అడిగి తెలుసుకోండి. ముందు ఆ పేరు చెప్పి, ఆ తరువాత పాడండి.