బడి మానిన పిల్ల ఇంటికి ఎవరు వెళ్తున్నారు?

తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ నడుస్తాయి. పోలీసులు, కార్మిక శాఖ, శిశు సంక్షేమ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఇటుక బట్టీలు, కార్ఖానాలు, హోటళ్లు, రైల్వే స్టేషన్లు గాలించి పనిలో చిక్కుకున్న పిల్లల్ని, ఇల్లు వదిలి వచ్చేసిన పిల్లల్ని బయటికి తెస్తారు. ఎంతమందిని కాపాడారో నెలాఖరుకి పత్రికల్లో వస్తుంది. కష్టపడి చేసే పని అది, తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ ఆ తర్వాతి నెల సంగతేమిటి? పిల్లవాణ్ణి అప్పగించి సంతకం తీసుకుని అధికారులు వెళ్లిపోయాక ఆ ఇంట్లో అప్పు అలాగే ఉంటుంది. తండ్రి తాగుడు మానడు. బడిలో పేరు ఎప్పుడో కొట్టేసి ఉంటారు. వాడు మళ్లీ పనికి పోకుండా ఆపాలంటే పట్టించుకునే మనిషి ఆ ఊళ్లోనే, ఆ వాడలోనే ఉండాలి.

అలాంటి మనుషుల్ని తయారుచేయడం మనకు తెలియని విద్య కాదు. ముప్పై ఏళ్ల కిందటే రంగారెడ్డి జిల్లా పల్లెలు చేసి చూపించాయి.

విద్యావేత్త మామిడిపూడి వెంకటరంగయ్య జ్ఞాపకార్థం ఆయన కుటుంబం 1981లో ఎంవీ ఫౌండేషన్ పెట్టింది. ఆయన మనవరాలు శాంతా సిన్హా అప్పట్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించేవారు. వెట్టి కూలీల మధ్య పనిచేస్తున్న రోజుల్లో, వెట్టిలో మగ్గుతున్నవాళ్లలో పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆమె కళ్లారా చూశారు. తండ్రి తీసుకున్న అప్పుకు బదులుగా రైతు ఇంట్లో జీతానికి కుదిరిన పిల్లలు వాళ్లు. తెల్లవారకముందే లేచి కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, గొడ్లను తోలుకుని పోయి, పొద్దుగూకాక తిరిగొచ్చేవారు. అలాంటి కొద్దిమంది పిల్లల్ని విడిపించి క్యాంపులో ఉంచి చదువు చెప్పడంతో 1991లో ఎంవీ ఫౌండేషన్ ఈ పని మొదలుపెట్టింది. తర్వాతి పన్నెండేళ్లలో అది వందల గ్రామాలకు పాకింది. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు తొలి చైర్‌పర్సన్ ఆమే.

అవార్డుల కన్నా ఆ పని జరిగిన తీరే ఇప్పుడు మనకు కావాలి. ఆ ఊళ్లో పుట్టి, అంతో ఇంతో చదువుకున్న యువతీయువకులే వాలంటీర్లు. ముందు ఇల్లిల్లూ తిరిగి ఏ పిల్ల బడిలో ఉంది, ఏ పిల్లాడు పనిలో ఉన్నాడు అని రాసుకునేవారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుల లెక్కలోకే వచ్చేది. కూలికి పోకపోయినా తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయిన ఏడేళ్ల ఆడపిల్ల కూడా. పగలు పని, రాత్రి చదువు అనే రాజీకి వాళ్లు ఒప్పుకోలేదు. రాత్రి బడి అంటే పగటి పనికి ఊరంతా కలిసి ఇచ్చే అనుమతి అని గట్టిగా వాదించారు. ఆ రోజుల్లో చాలామందికి ఇది మొండితనంలా తోచింది. నిజానికి ఆ మొండితనమే ఆ కార్యక్రమానికి ప్రాణం.

మొదట ఎదురయ్యే జవాబు ఎప్పుడూ ఒకటే: పేదరికం. పిల్లల సంపాదన లేకపోతే ఇల్లు గడవదని అందరూ అనేవారు. అన్నవాళ్లలో ఎక్కువమంది ఆ ఇంటి గడప తొక్కనివాళ్లే. లోపలికి వెళ్లి కూర్చుని మాట్లాడితే వేరే సంగతులు బయటపడేవి. బడిలో చేర్చడానికి వెళ్తే పుట్టినతేదీ కాగితం అడిగారు. ఏడాది మధ్యలో చేర్చుకోబోమన్నారు. పన్నెండేళ్ల పిల్లాణ్ణి తీసుకెళ్లి ఒకటో తరగతిలో ఆరేళ్లవాళ్ల పక్కన కూర్చోబెట్టారు, వాడు సిగ్గుతో మర్నాడు వెళ్లలేదు. తల్లికి చదువు రాదు, హెడ్మాస్టరుతో మాట్లాడటానికి భయం. ఇవన్నీ కలిసి బిడ్డను పనిలోకి నెట్టాయి. పేదరికం అబద్ధమని కాదు. అది ఒక్కటే కారణమని తేల్చేస్తే మిగతా అడ్డంకులను తీసే బాధ్యత ఎవరిమీదా పడదు.

అందుకే బ్రిడ్జి క్యాంపులు వచ్చాయి. పెద్దవయసు పిల్లలు కొన్ని నెలలు అక్కడే ఉండి, ఆడుతూ పాడుతూ చదువు అందుకుని, నేరుగా తమ వయసుకు తగిన తరగతిలో చేరేవారు. తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టల్లో సీటు ఇప్పించేవరకూ వాలంటీరు వెంట ఉండేవారు. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్పేదీ ఇదే. బడి మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివారితో సమానంగా నిలిచేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. మన పల్లెల్లో పండిన అనుభవం దేశానికంతటికీ చట్టమైంది.

యజమానుల సంగతి ఇంకా ముఖ్యం. కేసులు పెట్టి ఊరిని రెండుగా చీల్చే బదులు, పిల్లవాణ్ణి వదిలిపెట్టిన రైతును ఊరి సభలో వేదిక ఎక్కించి సత్కరించేవారు. నిన్నటిదాకా జీతగాణ్ణి పెట్టుకున్న ఆసామి రేపు బాలల హక్కుల కమిటీలో సభ్యుడయ్యేవాడు. ఉపాధ్యాయులు కూడా సొంతంగా ఒక వేదిక పెట్టుకుని పనిలో ఉన్న పిల్లల కోసం తిరిగారు. బడికి పంపిన తల్లిదండ్రులు, పంతులు రాకపోతే ఎందుకు రాలేదని అడగడం మొదలుపెట్టారు. పిల్లల్ని పనిలో పెట్టడం ఊళ్లో తప్పుగా కనిపించసాగింది. మారింది ఊరి కట్టుబాటు. ఒక్కొక్క పిల్లాణ్ణి విడిగా కాపాడుతూ పోతే ఆ మార్పు వచ్చేది కాదు.

పత్తి విత్తనాల చేలల్లో ఈ పోరాటం మరింత కష్టమైంది. ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం క్రాసింగ్ పని ఉంటుంది. ఒక్కో పువ్వునూ చేత్తో సిద్ధం చేసి, మరో మొక్క పుప్పొడి అద్దాలి. ఆ పనికి చిన్న ఆడపిల్లల్నే కోరేవారు. కూలి తక్కువ, చెప్పినమాట వింటారు. సీజన్‌కు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ముట్టేది, ఆ తర్వాత పిల్ల నోరెత్తే వీల్లేదు. ఇక్కడ రైతుకు నచ్చజెప్పడం ఒక్కటే సరిపోలేదు. విత్తనం కొనే పెద్ద కంపెనీలు ఇచ్చే ధరే పెద్దవాళ్ల కూలికి చాలకపోతే రైతు ఏం చేస్తాడు? ఆ ప్రశ్నను స్వచ్ఛంద సంస్థలు, పరిశోధకులు విదేశాల్లోని కంపెనీల ప్రధాన కార్యాలయాల దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది.

ఇప్పటి పల్లెల్లో, బస్తీల్లో పదేళ్ల జీతగాళ్లు అరుదు. కనుక సమస్య తీరిపోయిందనుకుంటే పొరపాటు, అది వయసు మార్చుకుంది. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోనిస్తోంది. పద్నాలుగేళ్ల లోపువాళ్లు కూడా బడివేళ తర్వాత ఇంటి వృత్తిలో సాయపడవచ్చంటోంది. ఇంటి వృత్తి ఎక్కడ ముగుస్తుంది, కూలి ఎక్కడ మొదలవుతుందో తనిఖీకి వచ్చిన అధికారి తేల్చలేడు. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు చెయ్యి జారిపోతున్నారు. టెన్త్ తప్పిన అబ్బాయి మెకానిక్ షెడ్డుకో, సెంట్రింగ్ పనికో వెళ్తాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే గంజాయి అమ్మేవాడు స్నేహితుడవుతాడు. అమ్మాయికి సంబంధం చూస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలను అడిగితే, పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3 శాతం. చదువులో ముందున్నామని చెప్పుకునే రెండు రాష్ట్రాలూ ఇక్కడ దేశం కన్నా మెరుగ్గా లేవు.

ప్రభుత్వాలు డబ్బు ఇవ్వడం లేదని అనలేం. తెలంగాణలో 2014 నుంచి ఉన్న కల్యాణలక్ష్మికి వధువు వయసు 18 నిండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇదివరకు అమ్మ ఒడి కింద, ఇప్పుడు తల్లికి వందనం కింద బిడ్డను చదివించే తల్లి ఖాతాలోకి సొమ్ము పడుతోంది. మంచివే. అయితే చదువు సొమ్ముకు 75 శాతం హాజరు షరతు ఉంది. ఏ ఇంటి బిడ్డ హాజరు పడిపోతోందో ఆ ఇంట్లోనే జబ్బో, అప్పో, వలసో, గొడవో నడుస్తూ ఉంటుంది. సాయం అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన సమయంలో ఆ ఇంటి పేరు జాబితాలోంచి పోతుంది. హాజరు తగ్గిందని కంప్యూటర్‌కు తెలుస్తుంది, సొమ్ము ఆగిపోతుంది. ఎందుకు తగ్గిందో కనుక్కోవడానికి మాత్రం ఎవరూ బయల్దేరరు. షరతు ఉంచాలనుకుంటే ఉంచవచ్చు. కానీ హాజరు పడిపోయిన మొదటి వారంలోనే ఒక మనిషి ఆ ఇంటికి వెళ్లి తీరాలన్న రెండో షరతు ప్రభుత్వం తనకు తాను పెట్టుకోవాలి.

మత్తు విషయంలో పోలీసులే అన్నీ చేయాలనుకునేవాళ్లు ఒకసారి ఐస్‌లాండ్ వైపు చూడాలి. 1998లో అక్కడ 15-16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడచిన నెలలో తాగి మత్తెక్కామని చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. రోజూ సిగరెట్ తాగేవాళ్లు 23 శాతం నుంచి 3 శాతానికి తగ్గారు. ఏటా పిల్లల్ని అడిగి ఆ ఫలితాలను వాళ్ల బడికీ ఊరికీ చెప్పారు. ఆటలకు, సంగీతానికి డబ్బు పెట్టారు, పేద కుటుంబాల పిల్లల ఫీజుకు సాయం చేశారు. రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరాలో తల్లిదండ్రులంతా కలిసి ఒక మాట మీద నిలబడ్డారు. అది నాలుగు లక్షల జనాభా కూడా లేని చిన్న దేశం, నిజమే. మన మండలాల్లో చాలావరకు అంతకన్నా చిన్నవే. సాయంత్రం అయిదు తర్వాత మూసేసే హైస్కూలు మైదానం గేటు తెరిచి ఉంచడానికి ఏ విదేశీ నిధులూ అక్కర్లేదు.

మనుషులు లేరా అంటే ఉన్నారు. అంగన్‌వాడీ టీచర్, ఆశ, మహిళా సంఘాల నాయకురాలు, పంచాయతీ కార్యదర్శి, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయ సిబ్బంది కూడా, ప్రతి ఊళ్లోనూ అంతమంది కనిపిస్తారు. గర్భిణి ఒకరి రిజిస్టర్లో, అప్పు వాయిదా ఇంకొకరి రిజిస్టర్లో. పదహారేళ్ల పిల్ల మాత్రం ఎవరి రిజిస్టర్లోనూ లేదు. గ్రామస్థాయి బాలల పరిరక్షణ కమిటీలు ఉండాలని కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య చెబుతోంది. పంచాయతీలు ఎంచుకోవాల్సిన తొమ్మిది లక్ష్యాల్లో బాలల స్నేహపూర్వక గ్రామం ఒకటి. ఆ కమిటీల్లో చాలావరకు కాగితం దాటి రాకపోవడానికి కారణం, ఇంటింటికీ తిరిగే పని ఎవరి ఉద్యోగమూ కాకపోవడం. ఉచిత సేవ పేరుతో ఈ భారాన్ని ఇప్పటికే అలసిపోయిన ఆశల మీద వేయకూడదు. ప్రతి పంచాయతీకి, ప్రతి వార్డుకు ఆ ఊరి చదువుకున్న యువతికో యువకుడికో నెల జీతం ఇచ్చి, 18 ఏళ్లలోపు ప్రతి బిడ్డా ఎక్కడుందో తెలిసి ఉండటమే పనిగా అప్పగించాలి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ఊరి కమిటీ ఆడపిల్లల మీద కాపలాగా మారే ప్రమాదం ఉంది. ఎవరితో మాట్లాడింది, ఫోన్‌లో ఏం చూసింది అని నిఘా మొదలైతే పిల్ల భయపడుతుంది, తల్లిదండ్రులు పరువు కోసం పెళ్లిని ఇంకా ముందుకు జరుపుతారు. కమిటీలో కిశోర బాలికలకే చోటు ఉండాలి, వాళ్ల మాటే ముందు వినాలి. ఇంటి కష్టాన్ని పదిమందిలో చదివి వినిపించకూడదు.

మొదలుపెట్టడానికి మంచి సమయం టెన్త్ ఫలితాలు వచ్చిన వారం. పాసైనవాళ్ల ఫ్లెక్సీలు కట్టే ఆ వారంలోనే, తప్పినవాళ్ల జీవితం ఎటు తిరుగుతుందో చాలావరకు తేలిపోతుంది. సర్పంచ్‌లు, కౌన్సిలర్లు, గ్రామ సంఘాల అధ్యక్షురాళ్లు ఈసారి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి తప్పిన పిల్లల పేర్లు తీసుకోండి. సప్లిమెంటరీ ఫీజు గడువు ముగియకముందే ఒక్కో ఇంటికీ వెళ్లండి. పాసై కూడా ఇంటర్‌లో చేరనివాళ్ల ఇళ్లకు జూన్ నెలాఖరులోగా మరోసారి వెళ్లండి.