కళ్ళు మూసుకుని సినిమా చూడండి

బస్సులో స్క్రీన్ చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. అందుకే జేబీఎస్ నుంచి కరీంనగర్ వెళ్ళే నాలుగు గంటలూ ఫోన్ జేబులో పెట్టేసి, ఇయర్‌ఫోన్స్ తగిలించుకుని సినిమాలు వింటాను. అవును, వింటాను. మా రూమ్మేట్ దీన్ని "ఫైట్లున్న పాడ్‌కాస్ట్" అంటాడు. నవ్వుకోండి, పర్లేదు. కానీ ఫస్టియర్ నుంచి ఇలా వినీ వినీ నాకో అభిప్రాయం ఏర్పడింది: నటనలో సగం గొంతే. ఆ సగాన్ని మనం అస్సలు లెక్కలోకి తీసుకోం.

మన హాస్టల్లో రాత్రి ఒంటిగంట దాకా జరిగే గొడవలు గుర్తు చేసుకోండి. ఎవరి ఓపెనింగ్స్ ఎక్కువ, ఎవరి డ్యాన్స్ బాగుంది, ఎవరి లుక్ మాస్‌గా ఉంది. "వాడు ఆ డైలాగ్ ఎంత బాగా పలికాడ్రా" అని ఎవరైనా కొట్టుకోవడం చూశారా? నేనైతే చూళ్ళేదు.

2025 జులైలో కోట శ్రీనివాసరావు గారు చనిపోయినప్పుడు అందరం స్టేటస్‌లు పెట్టాం. నేనూ పెట్టా. కానీ నిజం చెప్పాలంటే అప్పటికి ఆయన నాకు మీమ్స్‌లో మొహంగానే తెలుసు. కాస్త సిగ్గేసింది. ఆ వారం ఊరెళ్తూ "అహ నా పెళ్ళంట" విన్నాను. 1987 సినిమా, జంధ్యాల గారిది. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినే సీన్ ఉంది కదా, అది వింటే ఏం అర్థం కాదు, ఒప్పుకుంటా. వేలాడే కోడి వినబడదు కదా! కానీ ఆ పిసినారి గొంతు మాత్రం బొమ్మ లేకుండానే నవ్వించింది. మాట కూడా ఖర్చే అన్నట్టు మాట్లాడతాడు మనిషి.

తర్వాత 1985లో వచ్చిన "ప్రతిఘటన" విన్నా. అందులో కోట గారు తెలంగాణ యాసలో మాట్లాడే నాయకుడు. ఆయన పుట్టిందేమో కృష్ణా జిల్లా కంకిపాడు. ఇంటికెళ్ళి మా బాపమ్మకి ఈ సంగతి చెప్తే నమ్మలేదు.

"గదేంది బిడ్డా, ఆయన మనోడు కాదా?" అంది. కాసేపాగి మళ్ళీ అంది: "అయినా మన మాట మాట్లాడెటోడు సిన్మల ఎప్పుడు జూసినా రౌడీనే గద."

నా థియరీకి అక్కడ గండి పడింది. గొంతు ఎంత బాగా పలికిందన్నదే కాదు, ఏ మాటని ఎవరి నోట్లో పెట్టారన్నదీ ముఖ్యమే. మా బాపమ్మ మాట చాలా ఏళ్ళు విలన్‌కీ, కమెడియన్‌కీ మాత్రమే దొరికింది. 2017లో "ఫిదా" వచ్చాక అదే మాట హీరోయిన్‌ది అయింది. బాన్సువాడ భానుమతికి సాయి పల్లవి సొంతంగా డబ్బింగ్ చెప్పుకుంది. ఆమెది తమిళనాడు. 2023లో "బలగం" వచ్చేసరికి అది ఊరంతటి మాట అయింది. "బలగం" చూసిన రోజు మా బాపమ్మ నటుల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. వాళ్ళంతా మా చుట్టాలే అయినట్టు, "పాపం, ఆ ముసలాయన" అనుకుంటూ పడుకుంది.

అయితే తెలుగువాళ్ళే నటించాలా అంటే, నేనలా అనట్లేదు. ప్రకాష్‌రాజ్ గారు కన్నడ ఆయన. "బొమ్మరిల్లు"లో ఆ నాన్నని కళ్ళు మూసుకుని వినండి, మీ నాన్నే పక్క రూమ్‌లోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నేనైతే బస్సులో సర్దుకుని కూర్చున్నా. డబ్బింగే తప్పని కూడా అనను. 2009 నాటి "అరుంధతి"లో పశుపతి అంటే మనందరికీ సోనూ సూదే. కానీ ఆ గొంతు పి. రవిశంకర్ గారిది. చిన్నప్పుడు మనల్ని దుప్పటి కప్పుకునేలా చేసింది మొహమా, గొంతా? ఆ పాత్రలో సగం ఆయనదే అని నేనంటాను. మరి ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే నిన్నమొన్నటి దాకా తెలీదు.

నా గొడవల్లా పెదాలు ఒక దారి, మాట ఇంకో దారి పోయే సినిమాలతోనే. అయిదు భాషల్లో ఒకేలా వినబడాలని రాసిన డైలాగులు ఏ ఊరివీ కాకుండా పోతున్నాయి. విజువల్స్ బ్రహ్మాండం. బస్సులో వింటే మాత్రం అనౌన్స్‌మెంట్ విన్నట్టు ఉంటుంది.

ఇది నన్ను ఎందుకు ఇంత గుచ్చుతోందో కూడా చెప్పేస్తా. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నా. బాపమ్మతో మాట్లాడేటప్పుడు ముందు బుర్రలో ఇంగ్లీష్ నడుస్తుంది, తెలుగు దాని వెనకాల ఆలస్యంగా వస్తుంది. పెదాలకీ మాటకీ పొత్తు కుదరదు. అంటే నేనే ఒక డబ్బింగ్ సినిమాని. ఆ మధ్య ఫోన్‌లో "ఇక్కడ వర్షం పడుతోంది" అంటే, "వాన అనరాదు బిడ్డా, వార్తలు చదువుతున్నవా?" అంది. ఈ వ్యాసం కూడా ఇంగ్లీష్ అక్షరాలు కొట్టి తెలుగులోకి మార్చిందే. మూడు సాయంత్రాలు పట్టింది.

ఒక్క సినిమా కోసం సాయి పల్లవి మా యాస నేర్చుకుంది. మా బాపమ్మ కోసం నేను నేర్చుకోలేనా? ఆవిడకి ఇప్పుడు డెబ్బై ఎనిమిది. నాకు సెమిస్టర్లకి సెమిస్టర్లు టైమ్ ఉందనుకోవడానికి లేదు.

ఈసారి ఊరెళ్ళేటప్పుడు మీ ఫేవరెట్ హీరో సినిమా ఒకటి పెట్టుకుని, ఫోన్ జేబులో వేసి, కళ్ళు మూసుకోండి. బొమ్మ లేకుండా కూడా మీ హీరో నిలబడితే వచ్చి నాకు చెప్పండి. క్యాంటీన్‌లో చాయ్ నాది. నిలబడకపోతే, హాస్టల్లో ఆ రాత్రి గొడవ మాత్రం కొంచెం తగ్గించుకుందాం.