అడగడానికి నామోషీ దేనికి?

లాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతుంటే మనమే ఏదో నొక్కి పాడుచేశామని భయపడతాం. ఇంట్లో అలాంటి వస్తువు ముట్టుకున్న మొదటివాళ్ళం కదా! మా గదిలో నలుగురం వాడే పాత లాప్‌టాప్, స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతుంటే మూడుసార్లు నెట్ వదిలేసింది. మర్నాడే గడువు. షాపులో కార్డు మార్చాలని 1,200 రూపాయలు అడిగారు. ఎక్కడ తెచ్చేది?

దారి చూపింది పక్క గదిలో డిగ్రీ రెండో ఏడాది చదివే తమ్ముడు. అదే చోట ఫోనుకు వైఫై నిలకడగా వస్తోంది కాబట్టి లోపం రూటర్‌ది కాదు, లాప్‌టాప్‌లోనే వెతకాలన్నాడు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో వైఫై అడాప్టర్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళాడు. కరెంటు ఆదా కోసం ఆ పరికరాన్ని కంప్యూటర్ ఆపేయవచ్చు అనే గడిలో టిక్ తీసేశాడు. అంతే! మళ్ళీ తెగలేదు. (కొన్నిటిలో ఆ గడి ఉండదు. వాటికి డ్రైవర్ కొత్తది వేసి చూడాలి.)

పీజీ చదువుతున్నామని జూనియర్‌ను అడగడానికి రెండు వారాలు వెనకాడాం. మన హాస్టళ్ళలో పాత పుస్తకాలు చేతులు మారుతున్నాయి గానీ ఈ తెలివి మారడం లేదు. తప్పు పెద్దవాళ్ళం మాదే అంటాం. తమ్ముడు చెప్పినవన్నీ కాగితం మీద రాసి మెస్ గోడకు అంటించాం. దయచేసి చింపకండి.