ఈల ఉంది, ఫోనుంది, పోస్టే లేదు

బెల్లంపల్లిలో ఏళ్ల తరబడి కొలువంటే బొగ్గుబాయే. తాత దిగిన బాయిలో తండ్రి దిగాడు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి డిపెండెంట్ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఊరి చుట్టూ బాయిలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య దాదాపు 40 వేలకు దిగింది. తిలక్ స్టేడియం మాత్రం ఉంది. పొద్దున్నే అక్కడ చెమటోడ్చే పిల్లలూ ఉన్నారు.

ఆ పిల్లల్లో ఒకరు ఆటనే చదువుగా ఎంచుకుంటానంటే ఇంట్లో వినిపించే మాట ఒకటే: "ఇది చదివితే ఏం నౌకరొస్తది?"

నిన్నటిదాకా దీనికి జవాబు పీఈటీ, అంటే బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కొలువు. 2024 ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో పీఈటీలు 182. తెలంగాణలోని 33 జిల్లాలకు పంచితే జిల్లాకు ఐదారు. ఆ కాసిన్ని కూడా బీపీఈడీ, డీపీఈడీ చేసినవాళ్లకే. స్పోర్ట్స్ సైన్స్‌లో బీఎస్సీ చేసి, కండరం ఎలా అలసిపోతుందో, మోకాలు ఎందుకు దెబ్బతింటుందో చదువుకున్న విద్యార్థికి ఆ పట్టా ఒక్కదానితో బడి గ్రౌండ్‌లో చోటు దొరకదు. మళ్లీ రెండేళ్లు బీపీఈడీ చదవాల్సిందే. ఇది పిల్లల తప్పు కాదు. కోర్సులు పెట్టినవారూ పోస్టులకు అర్హతలు రాసినవారూ కలిసి కూర్చోకపోవడం వల్ల వచ్చిన చిక్కు.

టెక్నాలజీ సంగతికి వస్తే, అది లేక ఈ పిల్లలు వెనకబడ్డారన్న మాట సగమే నిజం. లక్షలు పోసి కొనే జీపీఎస్ జాకెట్లు, ఫోర్స్ ప్లేట్లు మన జిల్లాల్లో కనబడవు, నిజమే. కానీ చేతిలో ఉన్న ఫోను చిన్నదేమీ కాదు. వేగంగా పరుగెత్తే స్ప్రింటర్ పాదం ఒక్కో అడుగుకు నేలను తాకి ఉండేది సెకనులో పదో వంతు. మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది కాబట్టి, ఆ స్పర్శ మూడు ఫ్రేముల్లో అయిపోతుంది. అదే స్లోమోషన్‌లో 240 ఫ్రేములు పెడితే 24 ఫ్రేములు దొరుకుతాయి. పాదం ఎక్కడ పడింది, మోకాలు ఎంత వంగింది, అన్నీ కళ్ల ముందుంటాయి. ఆ కోణాలు కొలవడానికి కినోవియా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. నిలబడ్డచోట నుంచి ఎగిరిన అమ్మాయి అర సెకను గాలిలో ఉందంటే సుమారు 30 సెంటీమీటర్లు ఎగిరినట్టు. ఇంటర్ ఫిజిక్స్ సూత్రమే ఆ లెక్క చెబుతుంది. ఇంకా సులువైనది మరొకటుంది. ప్రాక్టీసు ఎంత కష్టమనిపించిందో పదికి ఎంతని ఆటగాణ్నే అడిగి, ఆ అంకెను ప్రాక్టీసు నిమిషాలతో గుణించి రోజూ నోటుబుక్కులో రాసుకోవాలి. గంటసేపటి ప్రాక్టీసుకు 7 అన్నాడంటే 420. ఆ అంకె ఒక్కసారిగా ఎగబాకిన వారం గాయం మీద కన్నేసి ఉంచాల్సిన వారం.

ఈ పని కొలువు అవుతుందా? ఎప్పుడో అయింది. 2003 ప్రపంచ కప్‌లో భారత క్రికెట్ జట్టు వెంట వెళ్లిన వీడియో అనలిస్టు చెన్నైకి చెందిన ఎస్. రామకృష్ణన్. మన హైదరాబాద్ వాడైన టి. దిలీప్ కథ ఇంకా దగ్గరిది. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడింది లేదు. పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటూ కోచింగ్ కోర్సులు ఒక్కొక్కటీ పూర్తిచేసి, 2021 నవంబరులో భారత జట్టు ఫీల్డింగ్ కోచ్ అయ్యాడు. పేరున్న ఆటగాడైతేనే కోచ్ అన్న పాత నమ్మకాన్ని ఈ ఒక్క నియామకమే కదిలించింది.

అయితే ఊరి పిల్లలకు దిలీప్‌ను చూపించి ఊరుకోవడం అన్యాయం. భారత జట్టులో ఫీల్డింగ్ కోచ్ కుర్చీ ఒక్కటే. జిల్లాల్లో కుర్చీలు వేయడం ప్రభుత్వం పని.

వేయడానికి చోటు లేదా అంటే, ఉంది. 2020లో ఖేలో ఇండియా కింద హకీంపేట క్రీడా పాఠశాలను రాష్ట్ర శ్రేష్ఠతా కేంద్రంగా ఎంపిక చేశారు. ఇలాంటి కేంద్రాల్లో కోచ్‌తో పాటు స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ నిపుణుడు, ఫిజియో, పోషకాహార నిపుణుడు, పర్ఫార్మెన్స్ అనలిస్టు ఉండాలన్నది ఆ పథకం ఆలోచన. అదే ఆలోచన కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలకు ఎందుకు వర్తించకూడదు? గురుకులాలకు ఎందుకు వద్దు? హాంగ్జౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చిన అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న అమ్మాయే. ఏడు ఈవెంట్లు ఆడే పిల్ల శరీరం మీద ఎంత భారం పడుతుందో రోజూ లెక్క కట్టే మనిషి ఎంత అవసరమో వేరే చెప్పాలా? వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో పతకం గెలిచిన దీప్తి జీవాంజి లాంటివారు ఇంకెందరు ఊళ్లలో ఉండిపోయారో, కొలిచి చూసేవారుంటేనే తెలుస్తుంది.

సింగరేణి కూడా ఆలోచించాలి. కార్మికుల ఆటల పోటీలకు ఏటా మైదానాలు సిద్ధం చేసే సంస్థ అది. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి ఎరగని గని కార్మికుడు అరుదు. వ్యాయామ శాస్త్రం చదివిన పది మందిని ఏరియా ఆసుపత్రులకూ స్టేడియాలకూ కలిపి నియమిస్తే మేలు ఆటగాళ్లతో ఆగదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఆడపిల్లల బరువు, కొలతలు, ఆరోగ్యం వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడానికి వీల్లేదు. 18 ఏళ్లు నిండనివారి డిజిటల్ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఫోను పట్టుకునే ప్రతి విద్యార్థికీ కోణాలు కొలవడం కంటే ముందు నేర్పాల్సింది ఇదే.

యంగ్ ఇండియా స్పోర్ట్స్ యూనివర్సిటీని తెస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లోనే ప్రకటించింది. మంచిదే. అందులో చేరే మొదటి బ్యాచ్‌కి ప్రాస్పెక్టస్‌తో పాటు, ఆ కోర్సు ఏ ప్రభుత్వ పోస్టుకు అర్హతో తేల్చి చెప్పే జీవో కూడా చేతికందాలి.